కొండవాగు కప్పకు ఇంటిపేరు దొరికింది

పిల్లలూ! తొలకరి వాన పడిన రాత్రి చెరువుగట్ల మీద, పొలాల్లో కప్పలు బెకబెకమని అరవడం మీరు వినే ఉంటారు. మరి కొద్ది రోజులకు ఆ నీటిలో నల్లని చిన్న చిన్న తోకకప్పలు గుంపులు గుంపులుగా ఈదుతూ కనిపిస్తాయి. వాటికి మొదట వెనుకకాళ్ళు, తరువాత ముందుకాళ్ళు వస్తాయి. తోక క్రమంగా కుదించుకుపోతుంది. చివరకు బుల్లి కప్ప గట్టు మీదికి గెంతుతుంది. ఈ మార్పునే రూపవిక్రియ అంటారని మీ పాఠంలో చదువుకున్నారు కదా.

తోకకప్పకూ పెద్ద కప్పకూ పోలికే ఉండదు. ఒకటి మొప్పలతో నీటిలో బ్రతుకుతుంది, రెండవది ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. ఒకటి నాచు తింటుంది, రెండవది పురుగులు తింటుంది. మరి ఫలానా తోకకప్ప ఫలానా కప్ప పిల్ల అని తెలిసేది ఎలా? పెంచి చూడాలి. లేదా రెండింటినీ ఒకేచోట చూచి ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే?

సరిగ్గా అటువంటి చిక్కే మన దేశంలో ఒకసారి వచ్చింది. 1918వ సంవత్సరంలో నెల్సన్ అనండేల్, సి.ఆర్. నారాయణరావు అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దక్షిణ భారతపు కొండవాగుల్లో దొరికిన ఒక వింత తోకకప్పను వర్ణించారు. అనండేల్ అప్పటికి రెండేళ్ళ క్రితమే ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు మొదటి అధిపతి. నారాయణరావు బెంగుళూరులో జంతుశాస్త్ర ఆచార్యులు. పిల్లను చూచారు, బొమ్మ గీశారు, కొలతలు వ్రాశారు. కాని అది పెరిగి ఏ కప్ప అవుతుందో లోకానికి తెలియడానికి మరో 85 సంవత్సరాలు పట్టింది.

ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో, చివరికి ఆ కప్పను ఏ కుటుంబంలో చేర్చారో, అది ఎక్కడెక్కడ నివసిస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వర్గీకరణ అంటే చిరునామా వ్రాయడమే

ఒక మనిషి చిరునామా వ్రాసేటప్పుడు దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, వీధి, ఇంటి నంబరు అని విడమరచి వ్రాస్తాం. పెద్ద పరిధి నుంచి చిన్న పరిధికి వస్తున్నామన్నమాట. జీవశాస్త్రజ్ఞులు జంతువులకు ఇచ్చే చిరునామా కూడా ఇలాంటిదే. దానినే వర్గీకరణ అంటారు.

మన కప్పనే తీసుకోండి. రాజ్యం: జంతురాజ్యం. వర్గం: కార్డేటా. వెన్నెముక ఉన్న జంతువులన్నీ ఇందులోనివే. విభాగం: ఉభయచరాలు, అంటే నీటిలోనూ నేల మీదా బ్రతికేవి. క్రమం: అన్యూరా, అంటే తోక లేనివి. ఇంతవరకు కప్పలన్నింటి చిరునామా ఒకటే. ఆ తరువాతనే దారులు చీలుతాయి. క్రమం క్రింద కుటుంబం, కుటుంబం క్రింద ప్రజాతి, ప్రజాతి క్రింద జాతి.

చివరి రెండు మాటలనూ కలిపి జంతువుకు శాస్త్రీయనామంగా వాడుతారు. ఈ పద్ధతిని జంతువులన్నింటికీ వర్తింపజేసినవాడు స్వీడన్ దేశపు లిన్నేయస్. ఆయన గ్రంథం పదవ ముద్రణ 1758లో వచ్చింది. జంతువుల శాస్త్రీయ నామాలకు అదే ప్రారంభమని నేటికీ లెక్క. ఈ పద్ధతి తెలుగు పిల్లలకు అర్థం కావడం చాలా సులభం. మనం ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత చెబుతాం. శాస్త్రీయనామంలోనూ ప్రజాతి పేరు ముందు వస్తుంది, జాతి పేరు తరువాత వస్తుంది.

అయితే ఒక తేడా ఉంది. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన మనుషులు చుట్టాలు కానక్కరలేదు. జంతువుల ప్రజాతి పేరు అలా కాదు. ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన దగ్గరి బంధువులని తేలితేనే రెండు జాతులకు ఒకే ప్రజాతి పేరు ఇస్తారు. కాబట్టి ఒక జంతువుకు పేరు పెట్టడమంటే దాని వంశవృక్షాన్ని వెతికి తీయడమే.

కొట్టుకుపోని తోకకప్ప

ఇప్పుడు ఆ వింత తోకకప్ప సంగతి చూద్దాం. చెరువులో తోకకప్ప గుండ్రని పొట్టతో నిదానంగా ఈదుతుంది. అటువంటిదాన్ని పడమటి కనుమల్లోని ఒక వాగులో వదిలితే క్షణంలో కొట్టుకుపోతుంది. వానకాలంలో అక్కడి వాగులు బండల మీద నుంచి హోరుమని దూకుతూ ఉంటాయి. కాని ఈ తోకకప్ప ఆ జలపాతాల క్రింద, జారుడు బండల మీద కదలక మెదలక అంటుకొని ఉంటుంది!

దాని రహస్యం నోటిలో ఉంది. నోరు తల ముందు కాక, క్రింది వైపున వెడల్పుగా, పళ్ళెంలాగా ఉంటుంది. ఆ నోటిని బండకు అదిమి పెడుతుంది. స్నానాల గదిలో పలకకు అంటించే రబ్బరు కొక్కెం మీరు చూచి ఉంటారు. గోడకు గట్టిగా నొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది. బయటి గాలి ఒత్తిడి దాన్ని గోడకు అదిమి ఉంచుతుంది. తోకకప్ప నోరు పనిచేసే తీరు కూడా ఇదే, అయితే ఇక్కడ అదిమేది చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి.

దాని పొట్ట బల్లపరుపుగా ఉండడం కూడా ఊరికే కాదు. పారే నీరు బండను రాసుకొంటూ పోతుంది. ఆ రాపిడి వల్ల బండను ఆనుకొని ఉన్న సన్నని నీటిపొర మెల్లగా కదులుతుంది, పైనున్న నీరు వేగంగా పోతుంది. శరీరం ఎంత పలుచగా ఉంటే అంతగా ఆ మెల్లని పొరలో ఒదిగి ఉండవచ్చు. తోక కండలు బలంగా ఉంటాయి. అవసరమైతే ఎదురీది మళ్ళీ బండను పట్టుకుంటుంది.

ఇంత కష్టమైన చోటే ఎందుకు? అంత వాలు గల వాగుల్లో తోకకప్పలను తినే పెద్ద చేపలు తక్కువ. నురగలు కక్కుతూ దూకే నీటిలో ప్రాణవాయువు బాగా కలిసి ఉంటుంది. తడి బండల మీద నాచు పొర ఉంటుంది. అంటుకొని ఉండగలిగితే చాలు, తిండికి లోటు లేదు.

ఇలా మూడు నెలలకు పైగా బండలను పట్టుకొని పెరిగి, వానలు వెనుకపట్టే వేళకు అది రూపవిక్రియ చెందుతుంది. ఆ తరువాత? మాయమైపోతుంది! వాగులో లేదు, ఒడ్డున లేదు, చెట్టు మీద లేదు. అందుకే దాని పెద్ద రూపం అంతకాలం శాస్త్రజ్ఞుల కంట పడలేదు.

భూమిలో దాగిన తల్లి

2003వ సంవత్సరం అక్టోబరులో "నేచర్" అనే ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వ్రాసినవారు కేరళకు చెందిన ఎస్.డి. బిజు, బెల్జియం దేశపు ఫ్రాంకీ బోస్సూట్. కేరళ రాష్ట్రం ఇడుక్కి జిల్లాలో, ఏలకుల కొండల్లోని కట్టప్పన ప్రాంతంలో వారికి ఒక కప్ప దొరికింది. అటువంటి కప్ప అప్పటివరకు ఏ గ్రంథంలోనూ లేదు.

చూడడానికి అది కప్పలాగే ఉండదు. సుమారు 7 సెంటీమీటర్ల పొడవున, గాలి ఊదిన తిత్తిలాగా ఉబ్బి ఉంటుంది. రంగు నేరేడు పండును పోలిన ముదురు ఊదా. తల చిన్నది, కళ్ళు మరీ చిన్నవి. ముక్కు కొన ముందుకు పొడుచుకొని వస్తుంది. కాళ్ళు పొట్టివి, బలమైనవి. వెనుక పాదాల మీద పారవంటి గట్టి బుడిపెలు ఉంటాయి. వాటితో మట్టిని వెనుకకు త్రోస్తూ భూమిలోకి దిగిపోతుంది. ఆడకప్పలు పెద్దవి, మగవి వాటిలో చాలా చిన్నవి.

ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ అది నేలలోనే ఉంటుంది. అక్కడ దాని ముఖ్యమైన ఆహారం చెదపురుగులు. సన్నని మూతిని చెదల దారుల్లోకి చొప్పించి నాలుకతో అందుకొని తింటుంది. నైరుతి ఋతుపవనానికి ముందు తొలి జల్లులు పడగానే, గుడ్లు పెట్టడం కోసం మాత్రమే కొద్ది రోజులు పైకి వస్తుంది. మగకప్ప పిలుపు కూడా మట్టి లోపలి నుంచే వినిపిస్తుంది! మగకప్పను వీపు మీద మోసుకుంటూ ఆడకప్ప వాగును చేరుతుంది. బండల నెర్రెలలో, గుంటలలో కొన్ని వేల గుడ్లు పెడుతుంది. పని కాగానే మళ్ళీ భూమిలోకి దిగిపోతుంది. వాగులు నిండి పారేసరికి పిల్లలు బండలను పట్టుకొని ఉంటాయి, పెద్దవి పాతాళంలో ఉంటాయి. తల్లినీ పిల్లనూ కలిపి చూడడం ఎంత కష్టమో ఇప్పుడు అర్థమయింది కదా!

కేరళలో దీనిని పాతాళ కప్ప అనీ, మావేలి కప్ప అనీ అంటారు. మావేలి అంటే మహాబలి. వామనుడు పాతాళానికి పంపిన బలిచక్రవర్తి ఏడాదికొకసారి ఓణం పండుగకు తన ప్రజలను చూడడానికి పైకి వస్తాడని వారి నమ్మకం. ఈ కప్పకు అంతకంటే తగిన పేరు ఏముంటుంది?

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్. "నాసిక" అన్నది మనకు తెలిసిన సంస్కృత పదమే, ముక్కు. "బట్రాకస్" అంటే గ్రీకు భాషలో కప్ప. "సహ్యాద్రెన్సిస్" అంటే సహ్యాద్రికి చెందినది. ముక్కు కప్ప ఇంటిపేరు, సహ్యాద్రి సొంత ఊరు!

1918నాటి తోకకప్ప ఈ కప్ప పిల్లేనని ఆ తరువాత తేలింది. ఇందుకు పిల్లలను పెంచి చూడడమే కాక, ఇప్పుడు మరొక సాధనం కూడా ఉంది. అదే డి.ఎన్.ఎ.

పోలిక ఒక్కటే చాలదు

కొత్త కప్ప దొరికింది సరే. దానిని ఏ కుటుంబంలో చేర్చాలి? చూడడానికి ఎవరిని పోలి ఉందో వారి కుటుంబంలో చేరిస్తే సరిపోదా?

సరిపోదు. మెక్సికో ప్రాంతంలో రైనోఫ్రైనస్ అనే కప్ప ఉంది. అదీ ఉబ్బిన శరీరంతో, చిన్న తలతో, మొనదేలిన మూతితో ఉంటుంది. భూమిలోనే ఉండి చీమలను, చెదలను తింటుంది. కాని వంశవృక్షంలో మన కప్పకూ దానికీ ఎంతో దూరం. ఒకే రకమైన బ్రతుకు రెండింటికీ ఒకే రకమైన రూపాన్ని ఇచ్చింది. చేపకూ తిమింగలానికీ ఆకారం ఒకటిగా ఉన్నా, చేప గుడ్లు పెడుతుంది, తిమింగలం పిల్లకు పాలిస్తుంది. ఇదీ అంతే.

తోకకప్ప నోరు కూడా ఇలాగే మోసం చేస్తుంది. అమెరికా ఖండపు వాయవ్య కొండవాగుల్లో ఆస్కాఫస్ అనే కప్ప ఉంది. దాని తోకకప్పలూ నోటితో బండలను పట్టుకుంటాయి. మన హిమాలయ వాగుల్లో ఆమొలాప్స్ అనే కప్పలు ఉన్నాయి. వాటి తోకకప్పలకు నోటి వెనుక, పొట్ట మీద ఇంకొక పట్టు ఉంటుంది. ఈ మూడూ మూడు వేరు వేరు కుటుంబాలు. వేగంగా పారే వాగు ప్రతిచోటా ఒకే సమస్యను పెట్టింది. వేరు వేరు కప్పలు విడివిడిగా ఇంచుమించు ఒకే జవాబును కనిపెట్టాయి.

కాబట్టి పైపై పోలికను దాటి చూడాలి. ఇక్కడే డి.ఎన్.ఎ. సాయపడుతుంది. ప్రతి జీవి కణాల్లోనూ ఉండే ఈ పదార్థంలో నాలుగు రకాల అంశాలు అక్షరాల్లాగా వరుసగా ఉంటాయి. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఈ వ్రాత నకలుగా అందుతుంది. పూర్వం తాళపత్ర గ్రంథాలను చేతితో నకలు తీసేవారు. తీసిన ప్రతిసారీ ఎక్కడో ఒక అక్షరం తప్పు పడేది. ఆ తప్పుతోనే తరువాతి నకళ్ళు తయారయ్యేవి. రెండు ప్రతుల్లో ఒకే తప్పులు చాలా ఉంటే, అవి రెండూ ఒకే మూలప్రతి నుంచి వచ్చాయని పండితులు గుర్తిస్తారు. శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. వ్రాతలను పోల్చేది కూడా ఇలాగే.

తోకకప్పకూ పెద్ద కప్పకూ రూపం మారుతుంది గాని ఈ వ్రాత మారదు. అందుచేత ఏ పిల్ల ఏ తల్లిదో దీనితో తేల్చవచ్చు. దూరపు చుట్టాలెవరో కూడా తేల్చవచ్చు.

సముద్రానికి ఆవల చుట్టాలు

బిజు, బోస్సూట్‌లు ఈ కప్ప డి.ఎన్.ఎ.ను ఇతర కప్పల వాటితో పోల్చి చూచారు. మన దేశంలో ఏ కప్పా దీనికి దగ్గరి చుట్టం కాలేదు. దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికాకు తూర్పుగా, ఇండియాకు సుమారు 3000 కిలోమీటర్ల దూరంలో ఉన్న సీషెల్స్ దీవుల్లో!

ఆ దీవుల్లో సూగ్లాసిడే అనే చిన్న కుటుంబం ఉంది. అందులో నాలుగే జాతులు. వాటిలో గార్డినర్ కప్ప సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఉంటుంది, మీ చిటికెన వేలి గోరు మీద కూర్చోగలదు. అది నేల మీదే గుడ్లు పెడుతుంది. వాటి నుంచి తోకకప్పలు కాక నేరుగా బుల్లి కప్పలే వస్తాయి. మరొక జాతి తన పిల్లలను వీపున ఎక్కించుకొని తిరుగుతుంది. బ్రతుకు తీరులో మన పాతాళ కప్పకూ వీటికీ ఎక్కడా పొత్తు లేదు. అయినా చుట్టాలే!

కప్ప చర్మం చాలా పలుచన. ఉప్పునీరు తగిలితే శరీరంలోని నీరు బయటికి లాగబడుతుంది. కప్పలు 3000 కిలోమీటర్ల సముద్రం ఈదాయంటే నమ్మడం కష్టం. మరి చుట్టరికం ఎలా కుదిరింది? కప్పలు కదలలేదు, నేలే కదిలింది!

ఒకప్పుడు ఇండియా, మడగాస్కర్, సీషెల్స్, ఆఫ్రికా, అంటార్కిటికా మొదలైనవన్నీ గోండ్వానా అనే ఒకే పెద్ద భూభాగంగా ఉండేవి. ఆ పేరులోని గోండ్వానా మన దేశపు గోండుల సీమే. అది క్రమంగా ముక్కలయింది. సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రితం మడగాస్కర్ నుంచి ఇండియా, సీషెల్స్ కలిసి విడిపోయాయి. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం సీషెల్స్ కూడా ఇండియా నుంచి విడిపోయింది. దక్కను పీఠభూమిలో లావా పొరలు పొరలుగా పారినది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. వికారాబాదు, ఆదిలాబాదు వైపు కనిపించే నల్లరాయి ఆ లావా గడ్డకట్టినదే. ఆ తరువాత ఇండియా ఉత్తరంగా జరిగి ఆసియాను తాకింది. సీషెల్స్ సముద్రం మధ్యనే ఉండిపోయింది.

ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ములను నేల చీలి విడదీసినట్లు, ఒకే పూర్వీకుల సంతతి అక్కడ కొంత, ఇక్కడ కొంత మిగిలింది. ఇంత ప్రాచీనమైన శాఖ కాబట్టి దీనికి నాసికాబట్రాకిడే అని వేరే కుటుంబాన్నే ఏర్పరచారు. అంతరించిందనుకున్న సీలకాంత్ చేప 1938లో ప్రాణంతో దొరికినప్పుడు లోకం ఆశ్చర్యపడింది. ఈ కప్పను శాస్త్రజ్ఞులు ఆ చేపతోనే పోల్చారు.

2004లో మరొక భారతీయ బృందం కూడా ఈ ప్రాచీన కప్పల గురించి "కరెంట్ సైన్స్" పత్రికలో వ్రాసింది. ఆ బృందంలో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు రమేశ్ అగ్గర్వాల్ ఉన్నారు. ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. 1932లో మొదలైన ఆ పత్రికకు తొలి సంపాదకులు ఎవరో తెలుసా? 1918లో తోకకప్పను వర్ణించిన ఆ నారాయణరావే!

కొండకు ఇటు ఒకటి, అటు ఒకటి

ఒక జాతి సహజంగా నివసించే ప్రదేశాలన్నింటినీ కలిపి దాని వ్యాప్తి అంటారు. 2003లో ఈ కప్ప వ్యాప్తి పటం మీద ఒక్క చుక్క, ఇడుక్కి. వెతకడం తెలిశాక చుక్కలు పెరిగాయి. ఎప్పుడు వెతకాలి? తొలి జల్లుల రాత్రుల్లో. ఎక్కడ వెతకాలి? వానకాలపు వాగుల బండల మీద, తోకకప్పల కోసం. భూమిలో దాగిన తల్లి జాడను పిల్లలే చెప్పాయన్నమాట. ఇలా కేరళలోనూ తమిళనాడులోనూ పడమటి కనుమల దక్షిణ భాగంలో అనేక చోట్ల ఇది ఉన్నట్లు తెలిసింది. ప్రపంచంలో మరెక్కడా లేదు.

తమిళనాడులో శ్రీవిల్లిపుత్తూరు అనే ఊరుంది. గోదాదేవి పుట్టిన ఊరుగా మీ పెద్దలకు తెలిసే ఉంటుంది. ఆ ఊరికి పడమరగా ఉన్న కొండలు కనుమల తూర్పు వాలు. అక్కడి వాగుల్లోనూ ఇటువంటి తోకకప్పలే కనిపించాయి. కాని ఒక సందేహం వచ్చింది. అవి కనిపించే కాలం వేరు!

కారణం ఋతుపవనాలు. జూన్‌లో వచ్చే నైరుతి గాలి తన నీటిని కనుమల పడమటి వైపే కుమ్మరిస్తుంది. కొండ దాటేసరికి మేఘాలు తేలికవుతాయి. అందుచేత తూర్పు వాలుకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం వల్ల వస్తుంది. నెల్లూరు జిల్లా పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు, అక్కడా పెద్ద వానలు ఆ నెలల్లోనే కదా. పడమటి కప్పలు నైరుతి వానలకు గుడ్లు పెడితే, తూర్పు కప్పలు ఈశాన్య వానలకు పెడుతున్నాయి. ఒక గుంపు పైకి వచ్చిన వేళ రెండవ గుంపు మట్టిలో ఉంటుంది. ఒకదానినొకటి కలుసుకొనే వీలే లేదు.

సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, వారి తోటివారు ఈ కప్పల శరీర కొలతలను, పిలుపును, డి.ఎన్.ఎ.ను పోల్చి చూచారు. అన్నింటిలోనూ తేడాలు కనిపించాయి. 2017లో తూర్పు వాలు కప్పను కొత్త జాతిగా ప్రకటించి నాసికాబట్రాకస్ భూపతి అని పేరు పెట్టారు. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రంలో పనిచేసి, 2014లో అడవిలో పరిశోధన చేస్తూ మరణించిన ఎస్. భూపతి అనే సరీసృప, ఉభయచర శాస్త్రజ్ఞుని జ్ఞాపకార్థం పెట్టిన పేరది.

ఒకే ఇంటిపేరు, రెండు సొంత పేర్లు. మధ్యలో ఒక కొండ, రెండు ఋతుపవనాలు.

పేరు తెలిస్తే లాభమేమిటి?

"ఒక కప్పయినా రెండు కప్పలయినా మనకేమిటి?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. తూర్పు వాలు మీది నాలుగు వాగులు ఎండిపోయాయనుకోండి. జాతి ఒకటే అనుకుంటే, "పోనీలే, పడమటి వైపు ఉన్నాయి కదా" అంటాం. జాతులు రెండని తెలిసినప్పుడు ఆ మాట అనలేం. ఆ నాలుగు వాగులతో ఒక జాతి మొత్తం పోవచ్చు. ఏది పోతే మళ్ళీ రాదో వర్గీకరణ మనకు చెబుతుంది. దానిని ఎక్కడ కాపాడాలో వ్యాప్తి పటం చెబుతుంది.

ఈ కప్పకు నేలా కావాలి, వాగూ కావాలి. అడవిని నరికి నేలను గట్టిపరిస్తే పెద్ద కప్పకు చోటుండదు. వాగుకు అడ్డుకట్ట వేస్తే ప్రవాహం ఆగుతుంది. నీరు నిలిచిన గుంటలో ఆ పళ్ళెం నోరు ఎందుకూ పనికిరాదు. గుడ్లు పెట్టడానికి వచ్చే రాత్రుల్లో దారిలో రోడ్డు ఉంటే వాహనాల క్రింద పడుతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. అక్కడి కొండల్లో నివసించే కొందరు గిరిజనులు ఈ తోకకప్పలను ఎన్నో తరాలుగా ఆహారంగా పట్టుకుంటున్నారు. శాస్త్రజ్ఞులకంటే ముందు వీటి కాలమూ చోటూ తెలిసినవారు వారే. ఎక్కువగా పట్టడం వల్ల కప్పకు ముప్పు ఉందని 2015లో వెలువడిన ఒక పరిశీలన హెచ్చరించింది. వాగులను బాగా ఎరిగిన ఆ జనాన్ని కలుపుకొని పోతేనే కప్పను కాపాడే పని సాగుతుంది.

ప్రపంచంలో ఇప్పటికి 7000కు పైగా కప్పజాతులకు పేర్లున్నాయి. పేరు లేనివి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. తల్లి ఎవరో తెలియని తోకకప్పలు ఇంకా ఎన్నో వాగుల్లో ఉన్నాయి.

మీరు చేయండి

1. వానకాలంలో మీ ఊరి కుంటలో తోకకప్పలను గమనించండి. పట్టుకోవద్దు, గట్టు మీద నుంచే చూడండి. నోరు ఏ వైపున ఉంది? నిలిచిన నీటిలో ఉన్నాయా, పారే నీటిలోనా? తేదీ, చోటు, నీటి తీరు నోటుపుస్తకంలో వ్రాయండి. మూడేళ్ళు వరుసగా వ్రాస్తే మీ ఊరి కప్పల పంచాంగం తయారవుతుంది.

2. హిందూ మహాసముద్రం పటం గీసి కేరళ, మడగాస్కర్, సీషెల్స్ గుర్తించండి. మూడింటినీ కత్తిరించి దగ్గరకు జరిపి చూడండి.

ప్రశ్నలు

1. తోకకప్ప 1918లోనే దొరికినా పెద్ద కప్ప 2003 వరకు శాస్త్రజ్ఞులకు ఎందుకు తెలియలేదు?
2. ఆస్కాఫస్ తోకకప్ప, నాసికాబట్రాకస్ తోకకప్ప రెండూ నోటితో బండను పట్టుకుంటాయి. ఐనా వాటిని ఒకే కుటుంబంలో ఎందుకు చేర్చలేదు?
3. సీషెల్స్ కప్పలు మన కప్పకు చుట్టాలు కావడానికి కారణమేమిటి?
4. ఒకే కొండ రెండు వైపులా రెండు జాతులు ఉండడంలో ఋతుపవనాల పాత్ర ఏమిటి?
5. వాగుకు అడ్డుకట్ట వేస్తే ఈ కప్ప జీవితంలో ఏ దశ దెబ్బతింటుంది? ఎలా?